ఎమర్సన్ ‘సెల్ఫ్ రిలయన్స్’కి తెలుగులో ఏ మాట పెడితే బాగుంటుంది?

శారద_టీచర్ (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో నెలకోసారి పదిమందిమి కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాం. సగం మంది రిటైరైన వాళ్ళం, సగం మంది డిగ్రీ పిల్లలు. వచ్చే నెలకి అమెరికన్ రచయిత ఎమర్సన్ వ్యాసం ‘సెల్ఫ్ రిలయన్స్’ అనుకున్నాం, 1841లో వచ్చినది. ఆ ఇంగ్లిష్ పిల్లలకి కొరుకుడు పడటం లేదని, ముఖ్యమైన పేరాలు ఓ పది నేనే తెలుగు చేస్తానని ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఇరుక్కున్నాను. పేరు దగ్గరే బండి ఆగిపోయింది.

స్వావలంబన అని రాస్తే బ్యాంకు లోను పథకంలా ఉంది. ఆత్మనిర్భరత అంటే టీవీ వార్తలు. స్వయం సహాయం అంటే డ్వాక్రా గ్రూపు (కాగితం చూసి మా పక్కింటావిడ ‘వడ్డీ ఎంతండీ’ అని అడిగింది కూడా). ఆత్మవిశ్వాసం అంటే కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. మీరేమంటారు?

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 9:40)

స్వావలంబనే పెట్టండి మేడమ్. పథకాలవాళ్ళు వాడుకున్నారని మాటలన్నీ వాళ్ళకి రాసిచ్చేస్తూ పోతే మనకి మిగిలేవి ‘అబ్బా’, ‘అయ్యో’.

పాతపుస్తకం (ఆదివారం, రాత్రి 11:05)

మాట సంగతి తర్వాత. ఆయన దేని మీద మండిపడుతున్నాడో ముందు చూడాలి. స్వావలంబన అనగానే మనకి తోచేది ఒకరి దగ్గర చెయ్యి చాపకుండా బతకడం. ఎమర్సన్ గొడవ అది కాదు. సంఘాన్ని ఆయన జాయింట్ స్టాక్ కంపెనీతో పోలుస్తాడు. ఒక్కో వాటాదారుకి రొట్టె ఖాయం, బదులుగా ఆ రొట్టె తినేవాడి స్వేచ్ఛ కంపెనీకి జమ. అంటే ఆయన అడిగేది ‘నీ రొట్టె ఎవరు పెడుతున్నారు’ అని కాదు, ‘నీ తల ఎవరి కోసం ఊపుతున్నావు’ అని.

ఈ కోపం గాల్లోంచి పుట్టలేదు. ఆయన బోస్టన్‌లో పాస్టరు. పెళ్ళయిన కొద్దికాలానికే, 1831లో, భార్య ఎలెన్ క్షయతో పోయింది. ఆమెకి పందొమ్మిదేళ్ళు. మరుసటి ఏడాది, ప్రభురాత్రి భోజన సంస్కారం తన మనసుకి ఒప్పడం లేదు కనుక జరిపించలేనని చెప్పి చర్చి ఉద్యోగం వదిలేశాడు. 1838లో హార్వర్డ్ డివినిటీ స్కూల్లో, పాస్టర్లు కాబోయే పిల్లలకి ప్రసంగిస్తూ, పాత అద్భుతాల కథలు అప్పజెప్పడం మానేసి మీ లోపల మీరు చూసుకోండి అన్నాడు. పెద్దలకి ఒళ్ళు మండింది. దాదాపు ముప్ఫై ఏళ్ళు హార్వర్డ్ ఆయన్ని మళ్ళీ వేదిక ఎక్కించలేదు. మూడేళ్ళకి ఈ వ్యాసం.

నాకు అన్నిటికన్నా నచ్చే చోటు మొదటి పేరాలోనే ఉంది. గొప్ప రచన చదివినప్పుడల్లా మనం ఒకప్పుడు ‘ఇదేముందిలే’ అని పక్కన పారేసిన మన ఆలోచనలే పరాయి దర్జాతో తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంటాయి అంటాడు. మీ పది పేరాల్లో అది తప్పకుండా ఉండాలి.

మౌని (సోమవారం, ఉదయం 6:20)

‘ఉద్ధరేదాత్మనాత్మానం’ అని గీత ఆరో అధ్యాయంలో ఉంది కదా. తనను తానే ఉద్ధరించుకోవాలి, తనకు తానే బంధువు, తనకు తానే శత్రువు. ఎమర్సన్ మన గీత, ఉపనిషత్తులు చదివే రాశాడు. కాబట్టి పేరు వెతుక్కునే పని లేదు, ఆత్మోద్ధరణ అనండి, సరిపోతుంది.

పాతపుస్తకం (సోమవారం, ఉదయం 8:02)

మౌని గారూ, పోలిక ఉంది, కాదనను. ‘చదివే రాశాడు’ అన్న చోట మాత్రం తేదీలు ఒప్పుకోవు. వ్యాసం 1841. గీత పూర్తి పుస్తకం ఆయన చేతికి అందింది 1845లో, అదీ విల్కిన్స్ ఇంగ్లిష్ అనువాదం. ఆ ఏడాది స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, అక్కడక్కడి భాగాలు చూసి మెచ్చుకున్నానే గానీ పుస్తకం పట్టుకోవడం ఇదే మొదలు అన్నాడు. పైగా అదే ఉత్తరంలో గీతని ‘ప్రసిద్ధమైన బౌద్ధ గ్రంథం’ అన్నాడు! అంత కొత్త అన్నమాట.

ఆ తర్వాత మాత్రం బాగా పట్టింది. 1857లో ‘బ్రహ్మ’ అనే పద్యం ప్రచురించాడు, చంపేవాడు చంపుతున్నాననుకుంటే అన్న ఎత్తుగడతో. అది మన వాసనే. కానీ 1841 నాటికి ఆయన వెనకున్నది క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ‘లోపలి వెలుగు’, పాతకాలపు తత్వవేత్త ప్లాటినస్, బ్రిటిష్ రచయితలు కోల్‌రిడ్జ్, కార్లైల్. వేరే దారిన నడిచి అదే చెరువుగట్టుకి చేరాడు, నడిచొచ్చాక మనవాళ్ళు కనబడ్డారు. మనం చెప్పిందే చెప్పాడనడం కన్నా నాకు ఈ కథే ఎక్కువ నచ్చుతుంది.

మౌని (సోమవారం, ఉదయం 8:30)

బౌద్ధ గ్రంథం అన్నాడా! సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఆయన చెప్పే ‘తాను’ అహంకారం కాదు, అందరిలో ఉన్న ఒకే మూలం. ‘తాను’ అంటే ఏ తానో తేలకుండా మాట ఎంచుకోలేరు. అది మాత్రం వెనక్కి తీసుకోను.

పాతపుస్తకం (సోమవారం, ఉదయం 8:41)

దానికి నా ఓటు కూడా. ఆ మూలాన్ని తీసేస్తే వ్యాసంలో మిగిలేది సెల్ఫీ.

వరంగల్_వేణు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

నాకు ఈ వ్యాసంతో పాత లెక్కొకటి ఉంది. 2011లో చదివిన. ‘నువ్వు నువ్వుగా ఉండు’ అని తలకెక్కి మంచి ఉద్యోగం వదిలేసిన. మేనేజరు ముఖం మీదే ఎమర్సన్ వాక్యం ఒకటి చెప్పిన కూడా. పాపం, ఆయనకి ఏమీ అర్థం కాలే. తర్వాత ఎనిమిది నెలలు మా అక్క ఇంట్లో తిన్న. పొద్దున లేచేసరికి టిఫిన్ బాక్సు కట్టి ఉండేది, ఎక్కడికీ పోయేది లేకున్నా. ‘బాక్సు పట్టుకుని లైబ్రరీకి పో, ఇంట్లో ఉంటే మీ బావ ఏదో ఒకటి అంటడు’ అనేది. ఆ ఎనిమిది నెలలు నేను ఎవరి మీద ఆధారపడ్డానో ఎమర్సన్‌కి తెలియదు, నాకు తెలుసు.

ఇప్పటికీ ఆ వ్యాసం ఇష్టమే. కానీ తెలుగు చేసేటప్పుడు నా బాక్సు కూడా గుర్తుపెట్టుకోండి టీచర్ గారూ.

లెక్కలమాస్టారు (సోమవారం, సాయంత్రం 5:50)

ఎమర్సన్ దగ్గర లెక్కలుండవు. శిష్యుడు థోరో దగ్గర ఉంటాయి. వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకున్నందుకు ‘వాల్డెన్’ పుస్తకంలో అణా పైసలతో పద్దు రాశాడు. బోర్డులు 8 డాలర్ల 3½ సెంట్లు. పైకప్పుకీ గోడలకీ తీసిపారేసిన పెంకు చెక్కలు 4 డాలర్లు. పాత కిటికీలు రెండు 2.43. పాత ఇటుకలు వెయ్యి 4 డాలర్లు. సున్నం 2.40, పక్కనే ‘ఇది ఎక్కువే’ అని గొణుగుడు. గచ్చులో కలపడానికి వెంట్రుకలు 31 సెంట్లు, ‘అవసరానికి మించి కొన్నాను’. మేకులు 3.90. సుద్దముక్క 1 సెంటు. రవాణా 1.40, ‘చాలా మటుకు నా వీపు మీదే మోశాను’. నేను చెప్పని చిల్లర పద్దులు 1.64 కూడా కలిపితే మొత్తం 28 డాలర్ల 12½ సెంట్లు. నేను కూడి చూశాను, సరిపోయింది.

చిక్కుడు సాగు కూడా: ఖర్చు 14.72½, రాబడి 23.44, మిగులు 8.71½. మన రైతులు చాలామంది కన్నా నయం.

చిన్నక్క (సోమవారం, సాయంత్రం 6:33)

మాస్టారూ, పద్దులో బట్టలుతికిన ఖర్చు ఏదీ?

లెక్కలమాస్టారు (సోమవారం, సాయంత్రం 6:58)

ఉందమ్మా. ఉంది అంటే, లేదని రాసి ఉంది. ఉతుకుడు, అతుకుల కుట్టుపని చాలావరకు బయటే జరిగాయి, ఆ బిల్లు ఇంకా అందలేదు అని రాశాడు.

చిన్నక్క (సోమవారం, సాయంత్రం 7:20)

అదీ సంగతి. అందని బిల్లు! నూట ఎనభై ఏళ్ళైనా అందలేదు.

వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఈ కాంకర్డ్ (ఎమర్సన్, థోరోల ఊరు) పెద్దమనుషుల స్వావలంబనకి కింద బండలా ఎవరున్నారు? ఎమర్సన్ చర్చి ఉద్యోగం వదిలి నిలబడగలిగాడంటే, చనిపోయిన ఎలెన్ ఆస్తిలోంచి వచ్చిన వాటా ఉంది కాబట్టి, ఏడాదికి సుమారు 1,200 డాలర్లు. థోరో గుడిసె కట్టింది ఎమర్సన్ స్థలంలో. ఇంక వీళ్ళ మిత్రుడు బ్రాన్సన్ ఆల్కాట్ అయితే మరీను. 1843లో ఫ్రూట్‌లాండ్స్ అని ఆదర్శ పల్లె పెట్టాడు. పశువుల చేత పని చేయించకూడదు, బానిసలు పండించినదని పత్తి బట్ట కట్టకూడదు, గొర్రెదని ఉన్ని కూడదు, నార బట్టలే. ఉద్దేశాలు బంగారం. మగవాళ్ళు ఉపన్యాసాలకి ఊళ్ళు పట్టుకుని పోయారు. కోసిన బార్లీ పొలంలో ఉంది, తుఫాను కమ్ముకొస్తోంది. ఆల్కాట్ భార్య ఆబా, పిల్లలూ కలిసి బట్టల బుట్టల్లో, దుప్పట్లలో పంట ఇంటికి ఈడ్చుకొచ్చారట. వాళ్ళమ్మాయి లూయీసా 1873లో ఆ ప్రయోగం మీద ఓ హాస్య కథనం రాసింది, అందులో ఉంది ఇది. ఏడు నెలలకి ఆ పల్లె ఎత్తిపోయింది.

వేణు గారూ, మీ అక్కగారికి నా నమస్కారాలు చెప్పండి.

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 9:05)

చిన్నక్క గారూ, ఉతుకుడు వెక్కిరింత నేను చాలా చోట్ల చూశాను. ఒక్క మాట ఆలోచించండి. ఆ బిల్లు సంగతి మనకి చెప్పింది ఎవరు? థోరోయే. దాచుకోదలుచుకున్నవాడు రాయడు. అడవిలో ముని తపస్సు అని ప్రచారం చేసుకున్నది చదివినవాళ్ళు, ఆయన కాదు. గుడిసెలో కుర్చీలు మూడు: ఒకటి ఏకాంతానికి, రెండోది స్నేహానికి, మూడోది నలుగురికి. గొడ్డలి అరువు తెచ్చుకున్నాననీ, తెచ్చినప్పటికన్నా పదునుగా తిరిగిచ్చాననీ రాశాడు. ఒకరి మీద ఆధారపడకుండా బతకాలని కాదు, అరువు తెచ్చిన గొడ్డలి పదును పెట్టి ఇవ్వాలని. నాకైతే అలా అర్థమైంది.

బోస్టన్‌బాబాయ్ (మంగళవారం, ఉదయం 7:10)

నేను ఉండేది అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలందరినీ వాల్డెన్ తీసుకెళ్ళాల్సిన డ్యూటీ నాదే. అడవి అనుకుని వస్తారు. వేసవిలో ఆదివారం వెళ్తే పార్కింగ్ దొరకదు, నీళ్ళ నిండా ఈతగాళ్ళు. చెరువు పక్కనుంచే రైలు పోతుంది. థోరో కాలంలోనూ పోయేది, కూత వినబడేదని రాశాడు. కాంకర్డ్ ఊరు అక్కడికి మైలున్నర, సాయంత్రం నడిచివెళ్ళి అమ్మ చేతి అన్నం తిని రావచ్చు.

అసలు గుడిసె లేదు. ఉన్న చోట రాతి స్తంభాలు పాతి గొలుసు కట్టారు, పక్కన వచ్చినవాళ్ళు వేసిన రాళ్ళ గుట్ట. నమూనా గుడిసె పార్కింగ్ దగ్గర ఉంది, పదడుగులు పదిహేను. మా మావయ్య లోపలికెళ్ళి మంచం, బల్ల, పొయ్యి, మూడు కుర్చీలు చూసి, ‘మా మోటారు షెడ్డు ఇంతకన్నా పెద్దది రా’ అన్నారు. కానీ బయటికి రావడానికి పావుగంట పట్టింది ఆయనకి. కిటికీ దగ్గర కూర్చుండిపోయారు.

మాస్టారు చెప్పిన ఆ బోర్డులకో కథ ఉంది. రైలు దారి పని చేసే ఐరిష్ కూలీ జేమ్స్ కాలిన్స్ గుడిసెని థోరో 4 డాలర్ల పాతిక సెంట్లకి కొన్నాడు. పొద్దున ఐదింటికి ఖాళీ చేయాలని ఒప్పందం. ఆరింటికి ఆ కుటుంబం దారిలో ఎదురైంది, మంచం, కాఫీ మర, అద్దం, కోళ్ళు, అంతా ఒక్క పెద్ద మూటలో. పిల్లి మాత్రం అడవిలోకి పారిపోయింది. ఆ బోర్డులు విప్పి, గడ్డి మీద ఎండబెట్టి వాటితోనే ఇల్లు. కాలిన్స్ వాళ్ళు ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళారో పుస్తకంలో లేదు. నేను ఆ పేజీ దాటలేను.

ఇంకోటి, ఇది మనది. 1846-47 చలికాలంలో వాల్డెన్ మీద ఐసు కోయడానికి వందమంది కూలీలు దిగారు. అప్పట్లో న్యూ ఇంగ్లండ్ మంచుగడ్డలు ఓడల్లో రంపపు పొట్టు కప్పుకుని మన దాకా వచ్చేవి. మద్రాసు, బొంబాయి, కలకత్తా ఎండల్లో జనం నా బావి నీళ్ళు తాగుతారు అని మురిసిపోయాడు థోరో. ఆ వెంటనే అంటాడు, పొద్దున్నే గీతతో బుద్ధికి స్నానం చేయిస్తాను, వాల్డెన్ నీళ్ళు గంగలో కలుస్తున్నాయి అని. మద్రాసు బీచిలో ఐస్ హౌస్ ఉంది చూశారూ, ఆ ఐసు దాచడానికి కట్టిందే. 1897లో వివేకానందుడు బస చేసిందీ అందులోనే. మా తాతగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో రోజూ దాని ముందు నుంచే నడిచేవారట.

మౌని (మంగళవారం, ఉదయం 7:45)

గీత అటు వెళ్ళింది, ఐసు ఇటు వచ్చింది. బేరం మనకే నష్టం కాదులెండి.

చిన్నక్క (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

గొడ్డలి మాట ఒప్పుకుంటున్నాను గోదారిగట్టు గారూ. కానీ ఎమర్సన్ వ్యాసంలో ఒక వాక్యం నాకు గొంతు దిగదు. పేదలందరినీ మంచి స్థితికి తేవాల్సిన బాధ్యత నాదని చెప్పకండి, ‘వాళ్ళు నా పేదలా?’ అంటాడు. పది పేరాల్లో అది వదిలేస్తారా శారద గారూ? వదిలేస్తే మోసమే.

అసలు ఆయన బానిసత్వం గురించి గట్టిగా మాట్లాడటానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? కాంకర్డ్‌లో 1837 నుంచే ఆడవాళ్ళ బానిసత్వ వ్యతిరేక సంఘం ఉంది. థోరో తల్లి, అక్కచెల్లెళ్ళు, ఎమర్సన్ భార్య లిడియన్ అందులో ఉన్నారు. చివరికి 1844 ఆగస్టు 1న ఎమర్సన్ చేత ప్రసంగం చెప్పించింది ఆ సంఘమే. ఆ రోజు చర్చి గంట కొట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే థోరో వెళ్ళి తాడు లాగాడు. లోపలి గొంతు వినమన్నవాడికి లోపలి గొంతు వినబడటానికి ఇంట్లో ఆడవాళ్ళు ఏడేళ్ళు చెవిలో పోరాల్సి వచ్చింది.

మార్గరెట్ ఫుల్లర్ ఉంది. వాళ్ళ పత్రిక ‘డయల్’ మొదటి రెండేళ్ళు నడిపిందామె. ‘ఎవరినీ నమ్ముకోకు’ అని ఆడదానికి ఎవరు చెప్పారు ఇన్నాళ్ళూ? అందరూ నమ్ముకోమనే చెప్పారు. ఆమె 1845లో పుస్తకం రాసి, ఏ పనైనా ఆడవాళ్ళకి తెరవండి, కావాలంటే ఓడ కెప్టెన్లు కానివ్వండి అంది. ఎమర్సన్ చెబితే సలహా. ఫుల్లర్ చెబితే తిరుగుబాటు. మాట ఒకటే, నోరు మారితే బరువు మారిపోతుంది.

పాతపుస్తకం (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

‘నా పేదలా?’ వాక్యాన్ని సమర్థించడానికి పొద్దున్నుంచి మూడుసార్లు రాసి కొట్టేశాను. ఆయన కోపం పేదల మీద కాదు, మొహమాటానికి చందా రాసే అలవాటు మీద. తను కూడా ఒక్కోసారి లొంగి డాలరు ఇస్తాననీ, అది చెడ్డ డాలరనీ అంటాడు. అయినా చేదు చేదే. వదలకండి, అలాగే పెట్టండి. 1850లో పారిపోయిన బానిసలని పట్టిచ్చే చట్టం వచ్చాక ఆ చట్టాన్ని పాటించనని దేవుడి మీద ఒట్టేసి డైరీలో రాసుకున్నది కూడా ఈయనే. నిన్నటి మాటకి నేడు కట్టుబడి ఉండాలనే మూర్ఖపు పట్టుదల చిన్న బుర్రలని పట్టిన దెయ్యం అని వ్యాసంలోనే ఉందిగా. ఆ వాక్యం ముందుగా వర్తించింది ఆయనకే.

వరంగల్_వేణు (మంగళవారం, రాత్రి 8:20)

థోరో జైలు సంగతి ఎవరూ ఎత్తలేదే? 1846 జులైలో తల పన్ను కట్టనందుకు ఒక రాత్రి లోపలేసిన్రు. కుట్టించిన చెప్పు తెచ్చుకోవడానికి ఊళ్ళోకి పోతుంటే పట్టుకున్నరు. ఎవరో పన్ను కట్టేసిన్రు, తెల్లారి వదిలిన్రు. ఏం చేసిండు? ఆగిపోయిన పని పూర్తి చేసిండు. చెప్పు తెచ్చుకుని తొడుక్కుని, నేరేడు పండ్ల లాంటి హకల్‌బెర్రీలు ఏరడానికి జనాన్ని వెంటేసుకుని కొండెక్కిండు. నాకు ఆ చెప్పు కోసమే థోరో అంటే ప్రాణం.

కానీ చీరాల-పేరాల పక్కన పెట్టి చూడండి. 1921లో మునిసిపాలిటీ పన్ను వద్దని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరికి ఊరే ఇళ్ళు వదిలి రామనగర్‌లో పాకలేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నది. ఒక్కడు ఒక్క రాత్రి. వేలమంది పదకొండు నెలలు. మనకి వచ్చినది ఆ రెండో రకం ధైర్యం.

బోస్టన్‌బాబాయ్ (మంగళవారం, రాత్రి 8:55)

ఆ జైలు సంగతి మీద థోరో రాసిన ‘సివిల్ డిసొబీడియన్స్’ వ్యాసం చదివే గాంధీగారు సత్యాగ్రహం పెట్టారని ఇక్కడ స్కూల్లో పిల్లలకి చెబుతారు. 1935లో మన తెలుగాయనే, సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ పి. కోదండరావు గారు, ఈ సంగతే అడిగితే గాంధీగారు అది తప్పని జవాబు రాశారు. దక్షిణాఫ్రికాలో పోరాటం బాగా ముదిరాకే ఆ వ్యాసం నాకు దొరికింది, ఇంగ్లిష్ వాళ్ళకి చెప్పడానికి ఆ పేరు వాడుకున్నాను అని. చూశారా, అక్కడా గొడవ పేరు దగ్గరే.

ముసలిబావి (మంగళవారం, రాత్రి 10:30)

నేను ఎక్కువ చదువుకున్నవాణ్ణి కాదు. మూడు రోజులుగా మీ మాటలు చూస్తున్నాను. చిన్నక్క గారు పైన ‘ఎవరినీ నమ్ముకోకు’ అన్నారు కదమ్మా. మీరు వెతికే మాట మీ నోట్లోనే ఉంది.

మా నాన్న భూమిని నమ్ముకున్నాడు. మా మేనమామ కొడుకు చీట్ల కంపెనీని నమ్ముకున్నాడు, ముంచేసింది. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. నమ్ముకున్నామంటే మన బరువు దాని మీద వేశామని. మా నాన్న భూమిని నమ్ముకున్నాడంటే ఒంటరిగా దున్నాడని కాదు. మా అమ్మ నాటేది, పాలేరు నీళ్ళు పెట్టేవాడు. బరువు మాత్రం భూమి మీద.

పాతపుస్తకం (మంగళవారం, రాత్రి 10:41)

తన్ను తాను నమ్ముకోవడం. అయ్యా, ఇంగ్లిష్‌లో ఆయనకి రెండు మాటలు కావాల్సి వచ్చాయి, నమ్మకానికొకటి, ఆనుకోవడానికొకటి. మన ‘నమ్ముకొను’లో రెండూ ఉన్నాయి. ముంచేసే ప్రమాదం కూడా ఉంది.

గోదారిగట్టు (మంగళవారం, రాత్రి 10:50)

తన్ను తాను నమ్ముకోమని చెప్పి, ఆ మాటే ఊరూరా అమ్ముకున్నాడు పాపం ఎమర్సన్. చలికాలంలో గడ్డకట్టిన మిసిసిపి మీద నడిచివెళ్ళి మరీ ఉపన్యాసాలు చెప్పాడు. స్వావలంబన వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్.

మౌని (బుధవారం, ఉదయం 6:05)

‘తన్ను’ ఎవరు, ‘తాను’ ఎవరు అన్నది పిల్లలకి వదిలేయండి. గంట సేపు కొట్టుకుంటారు.

శారద_టీచర్ (బుధవారం, సాయంత్రం 4:40)

పేరు రాసేశాను: ‘తన్ను తాను నమ్ముకోవడం’. ముసలిబావి గారికి దణ్ణం. ‘వాళ్ళు నా పేదలా?’ అలాగే పెట్టాను, చిన్నక్క గారి ప్రశ్న కింద రాసి. చివరి పేజీలో థోరో పద్దు వేస్తున్నాను, ఉతుకుడు బిల్లు వాక్యంతో సహా. మాస్టారూ, ఆ అర సెంట్లు పిల్లలకి గందరగోళంగా ఉంటాయేమో, 28 డాలర్లని వేసేయనా?

లెక్కలమాస్టారు (బుధవారం, సాయంత్రం 5:15)

వద్దమ్మా. అప్పట్లో అమెరికాలో అర సెంటు నాణెం ఉండేది, 1857 దాకా ముద్రించారు. ఆయన రాసినట్టే రాయండి, 28 డాలర్ల 12½ సెంట్లు. ఆ అర సెంటు కాలిన్స్ బోర్డుల పద్దులోది.